ఏ బంతి కలుపుతుంది?

మాఘమాసంలో మా చెల్లెలి పెళ్ళి. 2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురం అని రాస్తున్నా మా నోటికి పోర్ట్‌బ్లెయిర్‌గానే మిగిలిన ఈ ఊళ్ళో, గారాచర్మ దాటాక ఒక తోటలో పచ్చిక మైదానం మాట్లాడాం. పెళ్ళికొడుకు వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. నలభై మంది వస్తున్నారు, కొందరు విమానంలో, కొందరు విశాఖ నుంచి ఓడలో. మా వైపు చుట్టాల కన్నా ఇరుగుపొరుగే ఎక్కువ. బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీవాళ్ళు, మాయాబందర్ నుంచి ఒక కరెన్ కుటుంబం. వీళ్ళందరి మధ్యా నడిచేది హిందీ. వచ్చే నలభై మందిలో హిందీ మాట్లాడగలిగేవాళ్ళు నలుగురైదుగురు. ముహూర్తం రాత్రికి. మధ్యాహ్నం నుంచి అప్పటిదాకా రెండు గుంపులూ చెరోవైపు కూర్చుని ఉంటారన్న బెంగ నాకు పట్టుకుంది. పచ్చిక మీద ఆటలు పెడదామనిపించింది. జంగ్లీఘాట్‌లో చేపలరేవుకి దగ్గర్లో ఉండే మా మేనత్తకి చెప్పాను. తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. పెళ్ళి పెత్తనమంతా ఆవిడదే. ఆ సాయంత్రం మా ఇద్దరి మధ్య నడిచిన మాటలివి.

అత్త: పెళ్ళికొచ్చిన వాళ్ళచేత ఆటలాడించడమేటిరా? అది బడి వార్షికోత్సవమా?

నేను: ఆడించడం కాదత్తా, ఆడుకునే వీలు పెట్టడం. ఈ మధ్య మనం వెళ్ళిన పెళ్ళిళ్ళన్నీ తలుచుకో. వరసలో నిలబడ్డాం, స్టేజీ ఎక్కాం, కవరు ఇచ్చాం, ఫొటో దిగాం, తిన్నాం, వచ్చేశాం. పక్క కుర్చీలో ఉన్న మనిషి పేరు కూడా అడగలేదు. చెల్లి పెళ్ళి అలా జరగడం నాకిష్టం లేదు.

అత్త: ఏ ఆటలు?

నేను: రింగు ఆట, ఏడు పెంకులాట, తాడు లాగుడు. ఇప్పుడు పెద్ద పెళ్ళిళ్ళలో ఇంకొకటి పెడుతున్నారు. ఏటవాలుగా పెట్టిన చెక్కకి ఒక కన్నం ఉంటుంది, దూరం నుంచి గింజలు నింపిన గుడ్డసంచీ ఆ కన్నంలోకి విసరాలి. పెద్దవాళ్ళు కూడా ఆడొచ్చు. మూడింటికి మొదలెడితే సరిపోతుంది.

అత్త: మన దగ్గర పొద్దు ఎప్పుడు గూకుతుందో వాళ్ళకి తెలీదు, నువ్వు కూడా మర్చిపోయావా? గడియారం అలహాబాదు దగ్గరి రేఖది, సూర్యుడు మనవాడు. మాఘమాసంలో ఐదున్నర కాకుండానే వెళ్ళిపోతాడు. ఐదింటికల్లా దోమలు దిగుతాయి. ఓడ దిగి వచ్చినవాళ్ళకి కాళ్ళకింద నేల ఇంకా ఊగుతూనే ఉంటుంది. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని ఉంటారు. వాళ్ళు నీ పెంకుల చుట్టూ పరిగెడతారా?

నేను: పరిగెత్తేవి తీసేద్దాం. అవి చిన్న విషయాలే.

అత్త: చిన్నవే. అసలు అభ్యంతరం వేరే ఉంది. ఆట పెడితే మనుషులు కలుస్తారని నీకెవరు చెప్పారు? ఆట అన్నాక రెండు జట్లు. జట్లు ఎలా పడతాయి? మగపెళ్ళివారు ఇటు, ఆడపెళ్ళివారు అటు. నువ్వు కలపాలనుకున్న గీతనే మైదానం మధ్యలో ముగ్గుపిండితో గీసినట్టవుతుంది.

నేను: చీటీలు వేసి జట్లు కడతాను. పైగా ఇది నా సొంత పిచ్చి కాదత్తా. పచ్చిక ఆటలు పుట్టిందే మనుషుల్ని కలపడానికి. ఇంగ్లండులో 1830లో బడింగ్ అనే ఆయన గడ్డి కోసే యంత్రం తయారుచేశాడు. పెరట్లో నున్నటి పచ్చిక అప్పటి నుంచి సులువైంది. 1860లకి క్రోకే అనే ఆట ఊపందుకుంది. కొయ్యసుత్తితో బంతిని కొట్టి ఇనప కమాన్లలోంచి పోనివ్వడం. ఆడా మగా పక్కపక్కన నిలబడి ఆడిన తొలి బయటి ఆటల్లో అదొకటి. అప్పటిదాకా గదిలో పెద్దల ఎదుట తలవంచుకు కూర్చున్న పడుచువాళ్ళకి ఆ పచ్చికే మాట్లాడుకునే చోటు. క్రోకే కోసం 1868లో పెట్టుకున్న క్లబ్బే 1877లో వింబుల్డన్‌లో టెన్నిస్ పోటీ మొదలుపెట్టింది.

అత్త: నీ పచ్చిక మన దగ్గరికి ఎలా వచ్చిందో కూడా చెప్పు మరి. ఎదురుగా రాస్ దీవి ఉంది, బడిపిల్లల్ని ఏటా తీసుకెళ్ళేదాన్ని. చర్చి, రొట్టెల బట్టీ, క్లబ్బు, టెన్నిస్ కోర్టు. దొరలు, దొరసానులు సాయంత్రాలు ఆడుకున్నారు. ఆ నేల చదును చేసిందెవరు? అడవి నరికిందెవరు? కాళ్ళకి బేడీలున్నవాళ్ళు. దొరల ఆట కొందరిని కలిపిన మాట నిజమే. ఎవరిని బయట నిలబెట్టిందో కూడా చూడాలి కదా. ఇప్పుడు ఆ గోడల్ని మర్రివేళ్ళు చుట్టుకుని ఉన్నాయి. పిల్లలు వేళ్ళని చూసి ఆశ్చర్యపోయేవారు, నేను గోడల కింద పునాదిని చూపించేదాన్ని.

నేను: నేల తప్పేముంది? జింఖానా మైదానం కూడా ఆ దొరల ఆటస్థలమే. 1943 డిసెంబరు 30న నేతాజీ జెండా ఎగరేసింది అక్కడే. ఇవాళ మన పిల్లలు ఫుట్‌బాల్ ఆడేదీ అక్కడే. గడ్డి ఎవరు నాటారన్నదాన్ని బట్టి దానిమీద ఎవరు నిలబడాలో తేలదు.

అత్త: సరే, గడ్డిని వదిలేద్దాం. కానీ ఒకటి విను. ఈ దీవుల్లో జనం కలవడానికి ఎవరూ ఆటలు పెట్టలేదు. 1858 మార్చిలో డాక్టరు వాకర్ రెండు వందల మంది ఖైదీలతో వచ్చి చాథంలో దిగాడు. తరవాత ఆడఖైదీల్ని తెచ్చారు. శిక్షలో కొన్నేళ్ళు గడిచి, సొంతంగా బతకడానికి అనుమతి దొరికిన మగఖైదీకి పెళ్ళి చేసుకునే వీలుండేది. ఆడవాళ్ళని వరసలో నిలబెడితే వాళ్ళలో ఒకరిని అడిగేవాడు. ఆమె ఒప్పుకుంటే సర్కారు సమ్మతితో పెళ్ళి. ఊరు వేరు, భాష వేరు. వాళ్ళకి పుట్టిన పిల్లలదే ఇవాళ మనం మాట్లాడే ఈ దీవుల హిందీ. షాదీపూర్ పేరులోనే పెళ్ళి ఉంది, చూశావా. అలా పెళ్ళాడిన జంటలు కాపురం పెట్టిన చోటని ఇక్కడి పాతవాళ్ళు చెబుతారు. ఆ పెళ్ళిళ్ళకి చుట్టాలెవరూ లేరు. పక్క గుడిసెలో ఖైదీయే చుట్టం. వాళ్ళని కలిపింది బతుకు. ఒకరికొకరు అక్కరకొచ్చారు కాబట్టి కలిశారు.

నేను: ఆ అక్కర మన పెళ్ళిలో ఎక్కణ్ణుంచి తెస్తాం అత్తా? వంట కేటరింగ్ వాళ్ళది. పందిరి డెకరేషన్ వాళ్ళది. పువ్వులు చెన్నై నుంచి విమానంలో వస్తున్నాయి. వచ్చినవాళ్ళు ఏం చెయ్యాలి? కూర్చోవాలి. వాళ్ళకి కూర్చోవడం తప్ప పని మిగల్లేదు. అందుకే ఆట అంటున్నాను.

అత్త: ఆ మాట దగ్గరికే వస్తున్నాను. నా పెళ్ళి 1986లో, కళింగపట్నం పక్కన మన పల్లెలో. పది రోజుల ముందే ఇంటికాడ పసుపు కొట్టారు. ఎదురింటావిడకీ మా అమ్మకీ మాటల్లేవు, రెండేళ్ళ కిందటి తగువు. అయినా రోకలి పట్టుకోవడానికి వచ్చింది, రాకపోతే తప్పు. ఇద్దరూ చెరో రోకలి పట్టారు. ఒకే రోట్లో రెండు రోకళ్ళు పడాలంటే ఒకరి దెబ్బ ఒకరు కనిపెట్టుకోవాలి, మాట లేకుండానే. పసుపు దంచడం అయ్యేసరికి ఇద్దరూ చెమట తుడుచుకుంటూ ఒక చెంబులో నీళ్ళు తాగారు. మగవాళ్ళు వాకిట్లో గాడిపొయ్యి తవ్వారు. ముసలమ్మలు అరుగు మీద కూర్చుని విస్తళ్ళు కుట్టారు. గుంటలకి పుల్లలు చీల్చి ఇచ్చే పని. పేరూ ఊరూ తెలీని చుట్టం వస్తే, కూరగాయల కుప్ప దగ్గర ఒక కత్తిపీట వేసి కూర్చోబెట్టేవారు. గంటలో ఆవిడ ఇంటిమనిషి. ఇప్పుడు డబ్బిచ్చి పనంతా బయటివాళ్ళకి అప్పజెప్పేశాం. దాంతోపాటు మనుషులు కలిసే దారి కూడా పోయింది. పోయింది పనైతే నువ్వు ఆట తెచ్చి పెడతానంటున్నావు.

నేను: నువ్వు చెప్పింది నాకు నచ్చింది. కానీ ఆ పని మనవాళ్ళు మనవాళ్ళతో చేసింది. మగపెళ్ళివారు కత్తిపీట ముందు కూర్చున్నారా? కాళ్ళకి నీళ్ళిచ్చి, విడిదింట్లో దింపి, పానకాలు పంపి, వాళ్ళ అలకలు తీర్చడంతోనే సరిపోయేది. ఇప్పుడు ఆ నలభై మందినీ ఉల్లిపాయలు తరగమంటే ఏమంటారు? పిలిచి పని చేయించారని ఊళ్ళో చెప్పుకుంటారు. చెల్లి అక్కడికి కాపురానికి వెళ్ళాలి అత్తా. పనిలో ఆడపెళ్ళివారు కింద, మగపెళ్ళివారు పైన. ఆటలో అది లేదు. పెళ్ళికొడుకు మేనమామా మన పక్కింటి బెంగాలీ దాదా ఒకే గీత వెనక నిలబడి సంచీ విసరొచ్చు.

అత్త కాసేపు మాట్లాడలేదు. చెల్లి కాపురం సంగతి ఎత్తడం ఆవిడని తాకింది. ఈ తూకం అన్ని తెలుగు పెళ్ళిళ్ళలోనూ ఉంటుంది. ఆడపెళ్ళివారు ఏం చేసినా ముందు అటువైపు మొహాలు చూసుకుని చేస్తారు. కొత్త పరిచయాలకి అడ్డం పడేది భాష ఒక్కటే అనుకుంటాం గానీ, ఈ హెచ్చుతగ్గు భాష కన్నా గట్టి గోడ.

అత్త: మన పెద్దలకి ఆ సంగతి తెలీకపోలేదు. అందుకే పెళ్ళిలో ఆటలు అప్పుడూ ఉన్నాయి. బిందెలో ఉంగరం తీయించేవారు. పూలచెండు ఇచ్చి పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి బంతులాడించేవారు. వసంతాలు చల్లుకునేవారు. వియ్యపురాళ్ళ మీద పాటలు కట్టి ఏడిపించేవారు. ఆ ఒక్క పూటా ఆడపిల్లవాళ్ళు ఎంత మాటన్నా చెల్లేది. కానీ ఆడింది ఇద్దరు, మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని నవ్వారు. నవ్వడానికి భాష రానక్కర్లేదు. అందరినీ లేపి నిలబెట్టలేదు.

నేను: చుట్టూ కూర్చుని చూసే దానికి ఇప్పుడు సెల్‌ఫోను అడ్డం. ఎవరి తెర వాళ్ళు చూస్తారు.

అత్త: అయితే నా మాట విను. అందరినీ కలిపే బంతి మనకి ఒకటుంది. నువ్వు విసిరేది కాదు. భోజనాల బంతి. అరిటాకులు వేసి, నేలమీదో బల్లల మీదో వరసగా కూర్చోబెడదాం. ఈ బఫే మానిపిద్దాం. పళ్ళెం పట్టుకుని తిరిగే మనిషి తనకి తెలిసిన మొహం కోసం వెతుక్కుంటాడు. బంతిలో కూర్చున్న మనిషికి పక్కన ఎవరుంటే వాళ్ళే. ఉప్పు అందుకోవాలన్నా, నీళ్ళు కావాలన్నా, పప్పు ఇంకో గరిటె పడాలన్నా పక్కమనిషితో ఏదో ఒకటి అనాలి. మన వాళ్ళు మగపెళ్ళివారికి వడ్డిస్తారు. రెండో బంతిలో పెళ్ళికొడుకు తమ్ముళ్ళు మన ఇరుగుపొరుగుకి వడ్డిస్తారు. వడ్డించడం తక్కువ పని కాదు, దాన్ని ఎవరూ అవమానం అనుకోరు.

నేను: అత్తా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ పల్లె పెళ్ళిళ్ళలో ఆ బంతి అందరినీ కలిపిందా?

అత్త: ఏటి నీ ఉద్దేశం?

నేను: మొదటి బంతి ఎవరిది, చివరి బంతి ఎవరిది? అసలు బంతిలోకే రానివ్వక ఆకులో మూటకట్టి ఇచ్చింది ఎవరికి? ఆటని అనుమానిస్తున్నావు గానీ, మనుషుల్ని కులాల వారీగా విడదీసి కూర్చోబెట్టిందే ఆ బంతి. రాస్ దీవి టెన్నిస్ కోర్టు గురించి నువ్వన్న మాటే దీనికీ వర్తిస్తుంది.

ఈసారి మౌనం ఎక్కువసేపు నడిచింది. కింద రేవులో పడవ ఇంజను ఒకటి ఆగి, మళ్ళీ అందుకుంది.

అత్త: ఆ సంగతి నువ్వు నాకు చెప్పాలా? గంగపుత్రుల ఇంట పుట్టినదాన్ని. పెద్ద ఊళ్ళో షావుకారు కూతురి పెళ్ళికి మా నాన్న రెండు తట్టల చేప మోసుకెళ్ళాడు. నాకు తొమ్మిదేళ్ళు, వెంట వెళ్ళాను. వాళ్ళూ వీళ్ళూ తిని లేచాక, పొద్దువాలాక పెరటి వైపు కూర్చోబెట్టారు. ఆకులు అయిపోయాయి, మా నాన్న తువ్వాలు పరిచి అందులో వేయించుకున్నాడు. నేను ఆకలికి తిన్నాను. ఆయన తినలేదు, ఇంటికి పట్టుకొచ్చాడు. ఆ రోజు ఆయన ఎందుకు తినలేదో పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. బంతి అన్న మాట అనేటప్పుడు ఆ పెరడు నాకు గుర్తు లేదనుకున్నావా? గుర్తుంది కనకే అంటున్నాను. ఇక్కడికొచ్చాక ఒక్క పెళ్ళిలోనూ నన్ను పెరట్లో కూర్చోబెట్టలేదు. 2011 లెక్కల్లో ఈ దీవుల జనంలో నూటికి ఇరవై ఎనిమిది మంది బెంగాలీ మాట్లాడేవాళ్ళు, పదిహేను మంది తమిళం, పదమూడు మంది మనం. ఎవరూ సగం లేరు. అందుకే పక్కవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోక తప్పలేదు. ఆ అలవాటు ఇక్కడ పడింది. శ్రీకాకుళం నుంచి వచ్చే నలభై మందిలో పాత బంతిలో పెరిగినవాళ్ళు ఉంటారు. వాళ్ళు మన రాంచీ మేస్త్రీ పక్కన కూర్చుని తినడం నేను కళ్ళారా చూడాలి. నీ ఆటలో పక్కపక్కన నిలబడతారు సరే. తినేటప్పుడు విడిపోతే ఆ నిలబడడానికి విలువేటి?

నేను: నీ మాటకి జవాబు లేదు నా దగ్గర. బంతి భోజనం పెడదాం. బఫే రద్దు చేయమని రేపే చెబుతాను. కానీ ఇంతకీ మొదటిసారి కూర్చునేటప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు? తెలిసినవాళ్ళ పక్కన తెలిసినవాళ్ళే. ముందు కాస్త మొహం తెలియాలి. ఆ కాస్త కోసమే నా ఆట.

అత్త: ఆటలో ఏం జరుగుతుందో నేను చూశాను. కిందటేడు ఒక పెళ్ళిలో కుర్చీలాట పెట్టారు. మైకు పట్టుకున్న కుర్రాడు పేరుపేరునా పిలిచాడు. ఒక పెద్దావిడ రానంటే చెయ్యిపట్టి లాక్కొచ్చారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పి. రెండో చుట్టులోనే కుర్చీ దొరకలేదు. మైకులో ఏదో అన్నాడు, అందరూ నవ్వారు, సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఆవిడ కూడా నవ్వింది. నేను పక్కన కూర్చుని ఆవిడ చేతులు చూశాను. కొంగు అంచు నలుపుతూనే ఉంది, భోజనాల దాకా. ఎవరినైనా లేవమని పిలవడంలో ఒక బలవంతం ఉంటుందిరా. పెళ్ళిలో కాదనలేరు.

నేను: మైకు ఉండదు.

అత్త: పిలవడం?

నేను: పిలవడం కూడా ఉండదు. పచ్చిక అంచున రింగులు పడేసి ఉంటాయి, ఒక వల కట్టి ఉంటుంది. ఇష్టమైతే తీసుకుంటారు. అత్తా, నీ ఓడ కబురు ఒకటి మా అందరికీ తెలుసు. నువ్వే చెప్పావు, నేను చిన్నప్పుడు. మళ్ళీ చెప్పు.

అత్త: ఏ కబురు?

నేను: పెళ్ళయ్యాక నువ్వు మొదటిసారి ఇక్కడికి వచ్చిన ఓడ.

అత్త: అదా. విశాఖలో ఎక్కాం. పన్నెండు వందల కిలోమీటర్లు, రెండున్నర రోజులు. బంకు క్లాసు. కింద వేడి, డీజిలు వాసన. నాకు మొదటి రాత్రే వాంతులు పట్టుకున్నాయి. మీ మావయ్యకి నేనూ కొత్త, నాకు ఆయనా కొత్త, ఏం చెయ్యాలో తెలీక గుడ్లప్పగించి చూశాడు. రెండో రోజు పొద్దున్న ఎవరో డెక్కు మీదకి వెళ్ళమన్నారు, దూరంగా ఆకాశం అంచు చూస్తే తగ్గుతుందని. అక్కడ అడ్డంగా ఒక తాడు కట్టి కొందరు రింగు విసురుకుంటున్నారు. తాడు చుట్టి చేసిన రింగు. ఒకటి దారితప్పి నా కాళ్ళ దగ్గర పడింది. తీసి విసిరాను, అంతే. అటుపక్క పిల్ల మళ్ళీ నాకే విసిరింది.

నేను: తరవాత?

అత్త: మలయాళం పిల్ల, నర్సు ఉద్యోగానికి వస్తోంది. దానికి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు, ఇద్దరికీ హిందీ రాదు. మధ్యాహ్నం దాకా విసురుకున్నాం. వాంతులు ఎప్పుడు ఆగాయో నాకు తెలీదు. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాక నా పెట్టె ఒక పక్క అది పట్టుకుంది. మీ నాన్న పుట్టెడు జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు రాత్రుళ్ళు కాసింది అదే కదా. ఇప్పుడు మన పెళ్ళిపిల్లకి పాయసం నేనే వండుతానని కూర్చుంది.

నేను: ఆ ఆటనే బళ్ళలో మనం రింగు ఆట అంటాం, టెన్నికాయిట్. ఓడ డెక్కుల మీద ఆడుకున్న ఆటే ఒడ్డుకొచ్చి మన ఆడపిల్లల హాస్టళ్ళలో స్థిరపడింది. బడిలో నువ్వు కూడా ఆడించావు. మరి ఆ రోజు నిన్నూ ఆవిడనీ కలిపింది పనా, ఆటా?

అత్త: ఆట అని నీ నోటితో నువ్వే తీర్పు చెప్పేసుకోకు. ఆ రోజు ఎవరు గెలిచారో నాకు తెలీదు, లెక్కే లేదు. చూసేవాళ్ళు లేరు. నేను ఎప్పుడైనా వదిలేసి కూర్చోవచ్చు. రెండున్నర రోజులు దిగిపోవడానికి వీల్లేని చోట ఉన్నాం, తొందర లేదు. నీకున్నది రెండున్నర గంటలు. 2004 సునామీ తరవాత మా బడిలో శిబిరం పెట్టారు. కార్‌నికోబార్ నుంచి మనుషుల్ని తెచ్చారు. వాళ్ళ భాష మాలో ఎవరికీ రాదు. మూడో రోజు కొందరు నికోబారీ ఆడవాళ్ళు వచ్చి గంజి కాచే గుండిగ దగ్గర తెడ్డు తీసుకున్నారు, అడగకుండా. మాకు అప్పటిదాకా వాళ్ళకి ఏం చెప్పాలో తెలియలేదు. చేతికి తెడ్డు దొరికాక వాళ్ళు మొహాలు ఎత్తి మమ్మల్ని చూశారు. అదే మధ్యాహ్నం వాళ్ళ పిల్లలు గ్రౌండులో ఫుట్‌బాల్ మొదలెట్టారు, మన పిల్లలు వెళ్ళి కలిశారు. ఒకే రోజు, ఒకే చోట రెండూ చూశాను. పెద్దవాళ్ళకి తెడ్డు కావాలి, పిల్లలకి బంతి. అందరికీ ఒకే మందు వెయ్యకు.

నేను: అయితే పెద్దవాళ్ళకి తెడ్డు, పిల్లలకి రింగు. మరి మధ్యలో వాళ్ళు?

అత్త: తాడు లాగుడు మాత్రం వద్దు. తాడుకి రెండే కొసలు. నువ్వు ఎన్ని చీటీలు వేసినా చివరికి మగపెళ్ళివారు ఒక కొస, మనం ఒక కొస అయిపోతుంది. పోయినవాళ్ళు రాత్రి భోజనాల దగ్గర ఉప్పు తక్కువైందంటారు.

నేను: తీసేశాను.

అత్త: పెంకులాట వరండా పక్కన, గుంటలకి. అరిటాకులు కోసి, కడిగి, తుడిచి, పరిచే పని కేటరింగ్ వాళ్ళకి ఇవ్వకు. తోటలోవి మనం కోసుకుంటామని చెప్పు. ఆకు తుడవడం ఏ భాషవాళ్ళకైనా వచ్చు, బెంగాలీ ఇంట్లోనూ పెళ్ళికి అరిటాకే, తమిళుల ఇంట్లోనూ అంతే. వియ్యపురాలిని పిలవక్కర్లేదు. మనం నలుగురం కూర్చుని మొదలెడితే ఆవిడే వస్తుంది, పెళ్ళింట్లో ఖాళీ చేతుల్తో ఉండడం మన పల్లెటూరి ఆడవాళ్ళకి రాదు. చెట్టుకింద చాపలేసి వామనగుంటల పీటలు రెండు పెట్టు. ఎదురింటి తమిళ పాటీ దాన్ని పల్లాంగుళి అంటుంది, ఆట అదే. గవ్వలు ఏరుకు రావద్దు, ఇక్కడి తీరంలో ఏరకూడదు. చింతపిక్కలు చాలు. క్యారమ్ బోర్డు ఒకటి మగవాళ్ళకి. దాదా దాని ముందు కూర్చుంటే నలుగురు చేరతారు.

నేను: గుడ్డసంచీల ఆట?

అత్త: పెట్టుకో. కానీ బహుమతి లేదు, లెక్క లేదు, ఎవరి పేరూ రాయడం లేదు. ఫొటోలాయన్ని అటు పంపకు.

నేను: ఫొటోలు లేకపోతే చెల్లి ఒప్పుకోదు.

అత్త: దానికి నేను చెబుతాను. ఇంకొకటి, అసలైంది. ఐదున్నరకి చీకటి పడగానే ఆట ఆపేస్తారు కదా, అప్పుడే మొదటి బంతి. గంట తేడా ఇవ్వకు. ఇస్తే మొహం కడుక్కుని వచ్చేలోపు మళ్ళీ ఎవరి గుంపులోకి వాళ్ళు వెళ్ళిపోతారు. చేతిలో రింగు ఉన్నవాడు ఉన్నచోట నుంచే వచ్చి ఆకు ముందు కూర్చోవాలి.

నేను: ముహూర్తానికి ముందు భోజనాలా? పెళ్ళి చూడకుండా తినమంటే పెద్దవాళ్ళు ఒప్పుకుంటారా?

అత్త: పిల్లలకీ ఓడ దిగినవాళ్ళకీ పెడతాం, ఆకలి గలవాళ్ళు కూర్చుంటారు. పెద్దవాళ్ళు వడ్డిస్తారు. వాళ్ళ బంతి తలంబ్రాలయ్యాక.

నేను: పెళ్ళికొడుకు మేనమామ వడ్డిస్తాడంటావా? ఆయన మొన్న ఫోనులోనే విడిదికి ఏసీ ఉందా అని రెండుసార్లు అడిగాడు.

అత్త: ఆయన సంగతి నాకు తెలీదు. వడ్డించకపోతే కూర్చుంటాడు. కూర్చున్నచోట పక్కన ఎవరుండాలో మాత్రం నేను చూసుకుంటాను.

నేను: నాకింకా అనుమానమే అత్తా. నువ్వు పక్కన కూర్చోబెట్టడం, నేను మైకులో పిలవడం, రెండూ బలవంతమే కదా?

అత్త: కాదని అనను. అన్నం దగ్గర ఆ మాత్రం బలవంతం చేసే హక్కు మేనత్తకి ఉంది. సరేగాని, రింగులు ఎక్కడ కొంటున్నావు?

నేను: అబెర్డీన్ బజారులో రబ్బరువి దొరుకుతాయి.

అత్త: రబ్బరువి చేతికి దెబ్బ తగులుతాయి, ముసలివాళ్ళు పట్టుకోలేరు. రేవులో పాత వలతాడు అడిగితే ఇస్తారు. మా నాన్న నేర్పిన ముడి నాకింకా వచ్చు. ఎన్ని కావాలి?

నేను: నాలుగు.

అత్త: ఎనిమిది చేస్తాను. తలుపు వెనక తాడు చుట్ట ఉంటుంది, పట్రా. ఈ కొస గట్టిగా పట్టుకో, వదలకు.